గడ్డం ఆనించిన చోటు

నేను ఒక బేస్ గిటార్‌ని. లావుపాటి తీగలు నాలుగు, పొడుగాటి మెడ, తేనెరంగు ఒళ్లు. తోటి గిటార్లకి తల మీద బంగారు అక్షరాలతో కంపెనీ పేరు ఉంటుంది చూడండి, నాకక్కడ ఏమీ లేదు. ఏ కంపెనీవే అని అడిగితే చెప్పుకోవడానికి నాకు నోరు రాదు. అడిగినవాళ్లు మాత్రం బోలెడుమంది.

నన్ను చేసింది సత్యాచారి గారు. నలభై ఏళ్లపాటు వీణలు చేసిన చెయ్యి ఆయనది. కాలేజీ బ్యాండు వాళ్లెవరో ఒక ఫొటో పట్టుకొచ్చి అచ్చం ఇలాంటిది చేసిపెట్టమన్నారు. కరెంటు మీద మోగే గిటార్‌కి గట్టి చెక్క చాలు, లోపల తొలవక్కర్లేదు. ఆ ముక్క వాళ్లు చెప్పారు కూడాను. అయినా పనస దుంగ చేతిలో పడగానే ఆచారి గారి ఉలి ఆగలేదు, వీణ కుండ తొలిచినట్టు లోపలంతా తొలిచేసింది. పైన పలక అతికించాక గానీ ఆయనకి సంగతి గుర్తు రాలేదు. బ్యాండు వాళ్లు వచ్చి, స్పీకరు బాక్సుకి తగిలించి, సౌండు పెంచారు. నేను ఊళ పెట్టాను. లోపల డొల్లగా ఉన్నది పెద్ద బాక్సు ముందు నిలబెడితే ఊళ కాక ఇంకేం పెడుతుంది? నన్ను అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

అక్కణ్ణించి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక సంగీత వాయిద్యాల దుకాణానికి చేరాను. రెండేళ్లు గోడకి వేలాడాను. ఆ రెండేళ్లలో నేను మనుషుల గురించి నేర్చుకున్నది ఒకటే. గిటార్ కొనడానికి వచ్చినవాడు ముందు దాని తలకాయ చదువుతాడు. చదివాకే వాడి చెవులు పనిచెయ్యడం మొదలెడతాయి. పేరు గొప్పదైతే, తీగ ఇంకా మీటకుండానే "ఆహా" అంటాడు. నా దగ్గరికి వచ్చేసరికి, "ఇదేంటండీ, బోడితల?" అని నవ్వి పక్కకి జరిగిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది. ఏం చేస్తాం, గోడకి వేలాడేవాళ్ల కోపం ఎవడిక్కావాలి?

అలాంటి రోజుల్లో దైవసహాయం గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిదానంగా ఉంటారు. చిన్నప్పుడు చర్చి కొయిర్‌లో గిటార్ పట్టి, ఆ తర్వాత సీతాపతి గారి ఆర్కెస్ట్రాలో చేరి, పెళ్లిళ్లకీ ఉత్సవాలకీ ఇరవై ఏళ్ల పైగా బేస్ వాయిస్తున్నారు. ఆ సీతాపతి గారు కూడా వెంటే వచ్చారు. ఆ ఆర్కెస్ట్రా పార్టీకి లీడరూ ఆయనే, ముఖ్య గాయకుడూ ఆయనే. దైవసహాయం గారి పాత బేస్‌కి మెడ వంగిపోయిందట, కొత్తది కావాలి.

దుకాణం ఆయన పేరున్నవి మూడు దింపి వరసగా పెట్టాడు. దైవసహాయం గారు ఒక్కోటీ తీసుకుని ఒక చిత్రమైన పని చేశారు. మా జాతికి మెడ పక్కన పైకి పొడుచుకొచ్చిన కొమ్ము ఒకటి ఉంటుంది. తల వంచి, ఆ కొమ్ము మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని తీగ మీటారు. తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేశారు. మూడూ అంతే. అప్పుడు పైకి చూసి నన్ను దింపమన్నారు. గడ్డం ఆనించారు. అన్నిటికంటే లావు తీగ మీటారు. నా ఒళ్లంతా గుమ్మంది. ఆయన కదల్లేదు. మళ్లీ మీటారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అబ్బ, రసికుడంటే ఇతనే, అనుకున్నాను.

"ఒరేయ్, దీనికి పేరు కూడా లేదురా" అన్నారు సీతాపతి గారు.

"పేరు వాయిస్తానేంట్రా? పలుకుతోంది, చాలు" అన్నారు దైవసహాయం గారు.

ఆ మాటతో సీతాపతి గారు పొంగిపోయారు. ఆ రోజు నుంచి ఏ స్టేజి ఎక్కినా మైకులో అదే కథ. "మా దైవం పేరు చూడడండీ, పలుకు చూస్తాడు. ఈ జిల్లాలో వీడి చెవికి సాటి లేదు." జనం చప్పట్లు కొట్టేవారు. నాకూ గర్వంగానే ఉండేది. అబద్ధం ఎందుకు, ఆ గర్వంతో నాకు ఒళ్లు తెలిసేది కాదు.

ఆ గర్వం ఇంటికెళ్లిన మొదటి వారంలోనే దిగిపోయింది. ఆయన మంచం మీద కూర్చుని సాధన చేసుకుంటున్నారు. వంటింట్లో కుక్కరు కూత వేసింది. వేస్తూనే ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పక్కగదిలో ఉన్న మనిషి లేవలేదు. మాడు వాసన వచ్చింది. భార్య సలోమి గారు వీధిలోంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డారు. అప్పుడు తలెత్తారు ఆయన.

"కూత వేసిందా?" అని అడిగారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చెవి లోపలి ఎముక బిగుసుకుపోతోంది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే సగం విని, సగం పెదాలు చూసి పట్టేస్తారు. దూరంగా ఉన్న పాట, పక్కనుంచి వచ్చే వయొలిన్, ఇవేవీ ఆయనకి అందవు. దవడ ఎముక మీదుగా వచ్చేది మాత్రం శుభ్రంగా వినిపిస్తుంది. గట్టి చెక్క గిటార్లు ఆ ఎముకకి ఏమీ పంపలేదు. డొల్లగా ఉన్నదాన్ని కాబట్టి నేను పంపాను. అంతే. నన్ను ఏరుకున్నది రసికత కాదు, అవసరం. దుకాణంలో ఆ కన్నీళ్లు నా పలుకు గొప్పతనానికి వచ్చినవి కావు. చాన్నాళ్ల తర్వాత ఒక స్వరం ఒంటికి తగిలితే వచ్చినవి. నాకు కష్టం కలిగింది. తర్వాత సిగ్గేసింది కూడా, నా కష్టం ఆయన కష్టం ముందు ఏపాటిదని.

మూడేళ్లు ఎలా నెట్టుకొచ్చారో నాకే తెలుసు. డ్రమ్స్ వాయించే బాజీ పక్కనే నిలబడేవారు. బాజీ కాలు చూసి తాళం, సీతాపతి గారి భుజం లేచే తీరు చూసి ఎత్తుగడ, నా కొమ్ము మీద గడ్డం పెట్టి శృతి. జనం దాన్ని స్టైలు అనుకున్నారు. కుర్రకారు అలా గడ్డం పెట్టి ఫొటోలు కూడా దిగారు. గడ్డం ఆనించి ఆనించి ఆ చోట నా పాలిష్ పోయి చెక్క తెల్లబడింది. వాయించడంలో ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పు వేరే చోట జరిగింది. ప్రతి పాటా అవగానే సీతాపతి గారు వెనక్కి తిరిగి, "ఎలా ఉందిరా?" అని అడిగేవారు. పాతికేళ్ల అలవాటు. బాగోకపోతే మొహం మీదే చెప్పే మనిషని దైవసహాయం గారికి పేరు. ఆ ఒక్క మాట కోసమే సీతాపతి గారు పాడేవారేమో అనిపించేది నాకు. దైవసహాయం గారు, "బాగుందిరా" అనేవారు. ప్రతిసారీ, మూడేళ్లు.

బాగుండేది కాదండీ. నాకు ఒళ్లంతా చెవులే, నేను చెబుతున్నాను. రెండేళ్ల నుంచి సీతాపతి గారి గొంతు పైకి వెళ్లినప్పుడల్లా శృతి కిందికి జారుతోంది. కీబోర్డు వాయించే వసంత్ మొహం చిట్లించేవాడు. బాజీ తల దించుకునేవాడు. గట్టిగా ఎవరూ చెప్పలేదు. దైవం మాస్టారే బాగుందంటుంటే మనమెంత అని ఊరుకున్నారు. పార్టీ మొత్తం ఒక చెవిటి మనిషి చెవిని నమ్ముకుని నడిచింది.

పార్టీ పెట్టి పాతికేళ్లయిన సందర్భానికి టౌన్ హాల్లో ఆదివారం సాయంత్రం నాలుగింటికి కార్యక్రమం పెట్టుకున్నారు. బయల్దేరబోతుంటే సలోమి గారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఇవాళైనా చెప్పేయండి. సీతాపతన్నయ్య మిమ్మల్ని తీసేసే మనిషి కాదు."

"తీసేస్తే పోనీ సలోమీ, ఇంట్లో కూర్చుంటాను. వాడు అడిగిన ప్రతిసారీ బాగుందన్నాను చూడు, ఆ మాటలన్నీ ఎలా వెనక్కి తీసుకోను? వాడికి స్నేహితుణ్ణి అనుకుంటున్నాడు నన్ను."

ఆవిడ దారి ఇచ్చారు. ఆయన నన్ను భుజాన వేసుకుని బయల్దేరారు.

హాలు నిండిపోయింది. సీతాపతి గారు మైకు పట్టుకుని మళ్లీ ఆ కథే మొదలెట్టారు, పేరు చూడని మనిషి, పలుకు చూసే మనిషి అని. చెప్పి చెప్పి, "అలాంటివాడికి మన పార్టీ తరఫున ఒక చిన్న కానుక" అంటూ ఎర్ర మఖమలు పెట్టె తెరిచారు. లోపల ఫారిన్ బేస్, తల మీద తళతళలాడే పేరు. చూశారా మనుషుల సంగతి? పేరు చూడనందుకు మెచ్చుకుని, బహుమతిగా పేరే తెచ్చారు. కానీ ఆ మనిషి మొహంలో ఉన్న ప్రేమ చూస్తే నాకు ఎగతాళి చెయ్యబుద్ధి కాలేదు.

"పాతికేళ్లు నా వెనకే నిలబడ్డావు. ఇవాళ ముందుకి రారా" అని తనే దాని పట్టీ దైవసహాయం గారి మెడలో వేశారు.

నన్ను బాజీ పక్కన స్టాండుకి ఆనించారు. దైవసహాయం గారు ఒకసారి నా వంక చూశారు. రెండో వరసలో సలోమి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొత్తదాని కొమ్ము పొట్టి, గడ్డం అందదు. అందినా ఆ గట్టి చెక్కలోంచి ఎముకకి వచ్చేది ఏమీ లేదు. పైగా బాజీ కాలు ఇప్పుడు ఆయన వీపు వెనక ఉంది.

పాట మొదలైంది. కొత్త తీగలు కాసేపు సాగుతూనే ఉంటాయి. వినేవాడైతే మధ్యమధ్య బిగించుకుంటాడు. ఆయన బిగించలేదు. పల్లవి అయ్యేసరికి బేస్ అరస్వరం దిగిపోయింది. చరణంలో ఇంకా దిగింది. ముందు వరసలో జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వసంత్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. బాజీ ఆపేశాడు. సీతాపతి గారు పాట ఆపి పక్కకి తిరిగారు.

దైవసహాయం గారు వాయిస్తూనే ఉన్నారు. జనం వైపు చూస్తూ, ఆ చరణంలో ఎప్పుడూ నవ్వేచోట చిన్నగా నవ్వుతూ, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో ఒక్కరే వాయించారు. ఎవడో కిసుక్కుమన్నాడు. నాకు కాళ్లుంటే పరుగెత్తి వెళ్లేదాన్ని. సీతాపతి గారు వెళ్లి తీగల మీద అరచెయ్యి వేశారు. అప్పుడు తెలిసింది దైవసహాయం గారికి. మొహంలో రక్తం లేదు.

పది నిమిషాలు విరామం అని చెప్పించి సీతాపతి గారు ఆయన్ని మేకప్ గదిలోకి తీసుకెళ్లారు. బాజీ నన్ను కూడా తెచ్చి గోడకి ఆనించి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?" సీతాపతి గారు ఎదురుగా నిలబడి అడిగారు.

"నాలుగేళ్లు దాటింది. బాగా ముదిరి మూడేళ్లు. డాక్టరు మిషన్ పెట్టుకోమన్నాడు. చెవిలో మిషన్ పెట్టుకున్న వాయిద్యగాణ్ణి ఎవడు పిలుస్తాడని మానేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

అంటూనే సీతాపతి గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో ఓదార్పు మాట అనబోయారు. అనబోతూ ఆగిపోయారు. చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మరి నా పాట?"

సీతాపతి గారు ఇంకో అడుగు దగ్గరికి వచ్చారు.

"అడిగినప్పుడల్లా బాగుందన్నావే."

"పాట అయ్యాక నీ మొహం చూసేవాణ్ణి. సంతోషంగా ఉండేవాడివి. అది చూసి చెప్పాను."

సీతాపతి గారు కుర్చీలో కూలబడ్డారు. "పోయినేడు వసంత్ గాడు శృతి ఒక మెట్టు దించుదాం అన్నాడు. దైవం ఏమీ అనలేదుగా, నీకెందుకురా అని నలుగురిలో తిట్టాను వాణ్ణి. నువ్వు చెబుతావనే కదరా ఇంకెవర్నీ అడగలేదు." ఆ గొంతులో ఉన్నది కోపమో ఏడుపో నాకు తెలియలేదు. లేచి తలుపు దాకా వెళ్లారు. వెళ్లిపోతారనే అనుకున్నాను.

దైవసహాయం గారు నన్ను ఒళ్లో పెట్టుకుని గడ్డం కొమ్ము మీద ఆనించారు.

"సీతాపతీ, ఇటు రా. దీని అంచు మీద గడ్డం పెట్టి పాడు. నాకు వినపడుద్ది. ఇందుకే కొన్నాను దీన్ని. నువ్వు మైకులో చెప్పే గొప్పలేవీ కాదు."

సీతాపతి గారు తలుపు మీంచి చెయ్యి తీశారు. తర్వాత వచ్చి, పట్టుపంచె మాసిపోతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చుని, నా కింది అంచు మీద గడ్డం పెట్టారు. సగంలో ఆగిన పాటే ఎత్తుకున్నారు. ఎంతమంది వేళ్లు నా మీద పడ్డా ఇలా ఒక గొంతు నా ఒళ్లంతా నిండడం నేను ఎరగను. చరణం పై మెట్టు దగ్గర గొంతు వణికింది. నా తీగలు నాలుగూ ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా వణికాయి. దైవసహాయం గారు కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి విన్నారు. చెంపల మీదుగా నీళ్లు కారి నా మీద పడ్డాయి.

పాట ఆగింది. సీతాపతి గారు తల ఎత్తారు. ఎప్పుడూ అడిగే మాట ఈసారి అడగలేకపోయారు.

"శృతి తగ్గిందిరా" అన్నారు దైవసహాయం గారు. "పై స్వరం అందట్లేదు నీకు."

సీతాపతి గారు తల ఊపారు. "ఎప్పట్నించి తగ్గిందంటావు?"

"నాకెలా తెలుస్తుందిరా? ఇవాళే కదా విన్నాను."

బయట బాజీ తలుపు తట్టి, టైమైందన్నాడు. సీతాపతి గారు శృతి ఒక మెట్టు కిందికి దించుకుని, మళ్లీ నా మీద గడ్డం పెట్టి, మొదటి నుంచి ఎత్తుకున్నారు.