పేజీ అడుగున తేదీ

రూసె ఊళ్ళో, దానూబ్ నది ఒడ్డున, రొట్టెల దుకాణం పైన నలుగురు పనిచేసే ఆఫీసు ఉంది. ఆస్పత్రి వెబ్‌సైటు నడిపేది వాళ్ళే. పొద్దున్నే కింద కొన్న జున్ను రొట్టె, బానిత్స, తిని, చేతుల జిడ్డు తుడుచుకుని కోడ్ తెరుస్తారు. సైటులో ఎవరు ఏది నొక్కినా, జవాబు వెళ్ళేదాకా ఆ మనిషి గొంతు కోడ్‌లో ఏ మూల తెరిచినా వినపడుతుంది. వీళ్ళ మాటా అవతలికి వినపడుతుంది. ముప్ఫై సెకన్లు దాటితే సర్వరే తెంపేస్తుంది.

నలుగురిలో పెద్దవాడు వెల్కోకి ఇది గిట్టదు. "పేజీ అడుగున తేదీ వేసే కోడ్ ముక్కకి, సైటుకి వచ్చిందెవరో ఎందుకూ? ఊరందరి గొడవా దీనికే కావాలి! అవసరమైనవాళ్ళ చేతికి అందిస్తే చాలదూ? దీన్లోంచి ఆ గొంతులు తీసిపారెయ్ అమ్మాయ్."

"ఈ పూటే తీసేస్తానన్నా," అంటూ జోర్నిత్స ఆ ముక్క తెరిచింది. లోపల ఎవరో దగ్గారు.

"ఎవరది?"

"గెంచోనమ్మా, పక్కూరు మార్తెన్ నుంచి. మంగళవారం నా గుండెకి పేస్‌మేకర్ పెడతామన్నారు. వద్దని నొక్కాను."

జవాబు వెళ్ళిందంటే రద్దు ఖాయం. మళ్ళీ వరసలో నిలబడితే ఏడాది, అన్నాళ్ళు ఆయన ఆగలేడు. పేజీలో ఆఖరున పడేది తేదీ, అది పడందే జవాబు కదలదు. నడుస్తున్న సైటుని ఆపడం ఆ ఆఫీసులో మహాపాపం. అయినా జోర్నిత్స తేదీ దగ్గరే ఆపేసింది.

"ఎందుకు వద్దు తాతా?"

"వెంట ఒక మనిషి ఉండాలట. నాకు మేక తప్ప ఎవరున్నారు? దాన్ని రానివ్వరు."

పక్క బల్లల మీద టైపింగు ఆగిపోయింది. వెల్కో కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు.

"నేనొస్తా తాతా. మంగళవారం ఏడింటికి మీ గేటు దగ్గరుండు."

"నిజంగానా నాయనా?"

"రాకపోతే నీ మేక చేత కుమ్మించు."

"ఇరవై ఆరు సెకన్లయ్యాయి," అంది జోర్నిత్స. "తాతా, రద్దు చెయ్యనా, వద్దా?"

"వద్దమ్మా, వద్దు!"

జవాబు పంపకుండానే తెంపేసింది. గెంచో తెర మీద, ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి అని వచ్చి ఉంటుంది. ఆమె రాసిన వాటన్నిట్లోకీ మంచి కబురు అదే.

మంగళవారం వెల్కో కుర్చీ ఖాళీ. తేదీ ముక్కలోంచి తీసెయ్యమన్న గొంతుల్ని జోర్నిత్స తీయలేదు. పొద్దుటినుంచీ ఆ ముక్కనే తెరిచి పెట్టుకుంది. నాలుగింటికి ఎవరో సైటులో ఏదో నొక్కారు.

"అమ్మాయ్, వింటున్నావా?" ఆస్పత్రి నుంచి వెల్కో గొంతు. "బానే ఉన్నాడు. కళ్ళు తెరవగానే మేకకి గడ్డి వేశావా అని నన్ను తిడుతున్నాడు."