ఉద్ధరిణి చేరిన ఇల్లు

నేను ఒక రాగి ఉద్ధరిణిని. పూజలో నీళ్లు తీసి అరచేతిలో పోసే చిన్న చెంచాను. రాజోలులో ఒక కంచరి నా పిడి చివర పాము పడగ తీర్చాడు. మూడు తరాల వేళ్లకు అరిగి అది చిక్కుడు గింజంత అయింది. నాలుగో తరం పద్మనాభయ్య నన్ను పంచెలో చుట్టుకుని, కొత్త లోకాలు వెతకబోయే నక్షత్ర నౌక ఎక్కాడు.

నౌకలో నీటిచుక్క కూడా వృథా కాదు. ఆయన విడిచిన అర్ఘ్యం శుద్ధి యంత్రంలోంచి మర్నాటి కాఫీలోకి వచ్చేది. "రోజూ తీర్థమే తాగుతున్నాం" అని అందరూ నవ్వేవారు.

చిక్కంతా సంకల్పం దగ్గర వచ్చింది. పూజకు ముందు మనిషి తానెక్కడున్నాడో దేవుడికి చెప్పుకోవాలి కదా: భరతఖండంలో, ఫలానా నదుల మధ్య, స్వగృహంలో అని. సూర్యుడు వెనకెక్కడో చుక్కల్లో కలిసిపోయిన రోజున పద్మనాభయ్య సంకల్పం మధ్యలోనే ఆపేశాడు. అబద్ధమాడి దేవుణ్ణి పిలవలేనన్నాడు. నన్ను పెట్టెలో పెట్టేశాడు.

ఏళ్లు గడిచి, కొడుకు భార్గవకు ఆడపిల్ల పుట్టింది. బారసాల జరిపించడం తెలిసిన పెద్ద ఆయనొక్కడే. సంకల్పం లేనిదే బారసాల లేదు, ఆయనేమో చెప్పడు. నెల దాటినా పిల్లకు పేరు లేదు.

"నౌక నడిపేది నేనే కదా నాన్నా, ఎక్కడున్నామో నేను చెబుతా," అన్నాడు భార్గవ.

"చెప్పు మరి."

"చెప్పేలోపే లక్ష మైళ్లు దాటేస్తాం. అదొక్కటే ఇబ్బంది."

ముసలాయన నవ్వలేదు. కోడలు వకుళ పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టింది. ఆమె ఈ నౌకలోనే పుట్టింది.

"మావయ్యగారూ, ఇది ఏ చోటూ కాదంటే, నాకు పుట్టినూరే లేనట్టా? దీనికీ లేనట్టేనా? మీ ఇల్లు వెనకుంది. మాకు ఇదేనండీ ఇల్లు."

పిల్ల ఆయన జంధ్యం పట్టుకుని లాగింది.

"వదలవే, తెగిపోతుంది," అన్నాడు. జంధ్యం విడిపించుకుని, "పెట్టె తియ్యమ్మాయ్," అన్నాడు.

నేను నల్లబడిపోయి ఉన్నాను. నౌకలో చింతపండు దొరకదు. వకుళ టమాటా తొక్కలతో తోమింది.

పళ్లెంలో బియ్యం పోశారు. పద్మనాభయ్య భరతఖండం పేరెత్తలేదు. "విడిచిన సూర్యుడికీ, చేరబోయే సూర్యుడికీ మధ్య," అన్నాడు తెలుగులోనే. దేవుడికి తెలుగు రాదా ఏం? తర్వాతి మాటకు నన్ను ఇంకాస్త పైకెత్తాడు. నాలో నీళ్లు తొణికాయి.

"స్వగృహే," అన్నాడు.

ఆ తర్వాత బియ్యంలో వేలితో 'వసుధ' అని రాశాడు.

మన చిరునామా దేవుడికి ముందే తెలుసేమో, తెలియనిది మనకేనేమో. నాకంత జ్ఞానం లేదు. పెట్టెలోకి మాత్రం మళ్లీ వెళ్లలేదు. పళ్లొస్తున్న వసుధ నా పిడిని చిగుళ్లతో నములుతోంది. పడగలో మిగిలిన కాస్తా అరగదీసే పని ఇక దానిదే.