కుడిచేతి గడియారం

చొక్కా చివరి బొత్తాం పెట్టుకుని, కుడిచేతి కఫ్ ఒక మడత పైకి తిప్పి, అతను కిటికీ గూట్లోంచి గడియారం తీశాడు. ముందు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆ తరవాతే పట్టీ బిగించుకున్నాడు.

"చూశావా? ఇవాళ కూడా ఆగలేదు."

"మీ చేతికుండి ఆగడానికి దానికెన్ని గుండెలు!" అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే.

"ఇవాళ సూపర్‌వైజరుని అడిగేస్తాను. నా బల్ల నాకు ఇచ్చేయమని."

గ్లాసులో టీ పోస్తున్న ఆమె చేయి కాస్త ఆగింది. "ఇంకొన్నాళ్లు చూడకూడదూ?"

"ఏం చూడాలి? గడియారమే చెబుతోందిగా."

అతను పెద్ద హోటలు లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు. అక్కడ దిగే అతిథుల మొహాలు అతనికి తెలియవు, చొక్కాలే తెలుసు. ఖరీదైన గడియారం పెట్టుకునేవాళ్ల కఫ్ అంచు ఒక పక్కన నూలు లేచి ఉంటుంది. ఆ అరిగిన చోట ఇస్త్రీపెట్టె మొన ఆనించి, నూలు అణిగిపోయేలా మెల్లగా లాగేవాడు. తన కఫ్ కూడా ఎప్పటికైనా అలా అరగాలని మనసులో ఉండేది. పిల్లల చదువులయ్యాక ఒకరోజు ఆ మాట బయటపెడితే భార్య ఒక్కసారి తేరిపార చూసి, "కొనుక్కోండి. మీకోసమంటూ మీరు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే" అంది.

నల్లని తోలు పట్టీ, పాలమీగడ రంగు డయలు, వెంట్రుక లాంటి సెకన్ల ముల్లు. "దీనికి తాళం ఇవ్వాల్సిన పని లేదండీ. మీ చెయ్యి కదులుతుంటే చాలు, అదే నడుస్తుంది" అని కొట్టతను చెప్పిన మాట అతని గుండెల్లో నాటుకుపోయింది. ఎడమచేతికి కాకుండా, ఇస్త్రీపెట్టె పట్టే కుడిచేతికి కట్టుకున్నాడు. పక్కన ఉన్న మరను తిప్పి తాళం ఇవ్వచ్చని తెలిసినా దాన్ని ముట్టుకోలేదు. అలా తిప్పడమంటే తన చేతిని తాను అవమానించుకోవడమే అనిపించేది.

కొన్న కొద్ది రోజులకే బల్ల దగ్గర గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక పెట్టె ఎత్తనివ్వలేదు. ఒక మూల కుర్చీ వేసి, ఊడిన బొత్తాలు చూసే పని ఇచ్చారు. అప్పట్నుంచి గడియారం తెల్లారేసరికి ఆగిపోవడం మొదలుపెట్టింది. కొట్టుకు పట్టుకెళితే, గడియారంలో లోపమేమీ లేదన్నారు. ఆ రోజు అతను ఇంటికొచ్చి అన్నం ముద్ద ముట్టలేదు.

మరి కొన్నాళ్లకు, ఉన్నట్టుండి, ఆగడం మానేసింది. బలం తిరిగొచ్చిందనడానికి అంతకన్నా ఏం రుజువు కావాలి?

లాండ్రీలో అడుగుపెట్టగానే ఆవిరి మొహానికి కొట్టింది. తన పాత బల్ల మీద పరిచిన దుప్పటికి కాలిన మచ్చ అలాగే ఉంది. వెళ్లి ఒకసారి అరచేత్తో నిమిరాడు.

"పెళ్లికొడుకు వేంచేశాడు!" అంది తువాళ్లు మడిచే ఆవిడ. ఆమెకు అతను బాబాయి, అతని భార్య పిన్ని. "ఆ గడియారం ఒక్కసారి ఇలా ఇయ్యి బాబాయ్. అరిగిపోదులే."

సూపర్‌వైజరు వచ్చేలోగా కాలక్షేపానికి విప్పి ఇచ్చాడు. ఆమె సన్నని మణికట్టుకు చుట్టుకుని, లోపలి కన్నం దాకా లాగి బిగించింది.

"అబ్బో, ఇక్కడ ముందే మడత పడుందే! నీకు తెలీకుండా పిన్ని సోకు చేసుకుంటోందన్నమాట!"

నవ్వుతూ తిరిగి ఇచ్చింది. అతను పట్టీని వెలుతురులోకి తిప్పాడు. తన కన్నం దగ్గర ఒక మడత గీత. దానికి లోపలగా ఇంకొకటి. ఇప్పుడు పడింది కాదు. జీవితమంతా మడతలు తీసి మడతలు వేసినవాడు, ఒక్కసారి నలిగినదానికీ రోజూ నలిగినదానికీ తేడా పోల్చుకోలేడా?

మందులేసుకుని పెందలాడే మంచమెక్కే తనకు, పక్కగదిలో కుట్టుమిషను చప్పుడు వినిపించేది. చేత్తో తిప్పే పాత మిషను. ఇంట్లో కుట్టాల్సినవేమీ లేవు. అయినా అది తిరుగుతూనే ఉండేది. ఆమె కుడిచేత్తో తిప్పుతూనే ఉండేది.

"నాతో ఏదో మాట్లాడాలన్నావట?" సూపర్‌వైజరు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

అతను గడియారం కట్టుకున్నాడు, తొందరపడకుండా.

"ఏం లేదు సార్. నా కుర్చీ కాస్త కిటికీ వైపు జరుపుకుంటాను. బొత్తాలు కంటికి సరిగా ఆనడం లేదు."

ఆ రోజు ఒక్క బొత్తామూ అతని కన్నుగప్పి పోలేదు. నూలు లేచిన కఫ్ ఒకటి వస్తే, పెట్టె లేకపోయినా, బొటనవేలి గోరుతో అంచు వెంట రాసి అణిచాడు.

సాయంత్రం భోజనమయ్యాక, గూట్లో పెట్టకుండా గడియారం భార్యకు అందించాడు.

"బల్ల ఇచ్చారా?" అంది ఆమె, అందుకోకుండా.

"నేనే అడగలేదు. కుర్చీయే బాగుంది. ఇదిగో, దీన్ని నీ దగ్గరుంచు. పెట్టుకుంటే బాగుంటుంది నీకు."

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను పట్టీలోని రెండో గీత మీద వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్లు దించుకుంది.

"కొత్త వస్తువు... ఊరికే ఆగిపోతుంటే పాడైపోతుందేమోనని..."

"చాల్లే, అబద్ధాలు కూడా నేర్చావు" అని నవ్వాడు. తనే ఆమె చేతికి కట్టి, లోపలి కన్నంలో బిగించాడు. "తిప్పు మరి. వింటూ పడుకుంటాను."

ఆమె మిషను ముందు కూర్చుంది. ఉత్త గుడ్డపీలిక మీద సూది దిగుతూ, లేస్తూ పోయింది. గోడకవతల అతను ఒకసారి దగ్గాడు. తరవాత దగ్గలేదు.

తెల్లారాక టీ గ్లాసుతో వచ్చి పిలిచింది. గ్లాసు కింద పెట్టి, భుజం మీద చేయి వేసి మళ్లీ పిలిచింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ వెళ్లిపోయాక, లాండ్రీవాళ్లు ఇస్త్రీ చేసి తెచ్చిన అతని చొక్కా ఆమె గూట్లో పెట్టింది. కుడి కఫ్ అంచున నూలు అప్పుడే కాస్త లేచింది. తన చేతి నుంచి విప్పి దాని మీద పెట్టిన గడియారం ఇంకా నడుస్తోంది, పట్టీలో రెండు మడత గీతలు పక్కపక్కన.