షటర్ వెనక కూత

నాచారంలో దేవసహాయం నెట్ సెంటర్‌కి గిరాకీ ఉన్నా లేకున్నా కంప్యూటర్లు ఆగేవి కావు. అమెరికావాళ్లు పెద్ద రేడియో గిన్నెతో ఆకాశంలోని రొదంతా పట్టి, ముక్కలు చేసి ఇంటింటి కంప్యూటర్లకూ పంపుతున్నారని కూతురు షైనీ చెప్పింది. ఖాళీగా ఉన్న మిషన్ ఆ రొదను జల్లెడ పట్టి, ఏ చుక్క మీది నుంచైనా ఎవరైనా పిలుస్తున్నారేమో వెతుకుతుందట. పొద్దున షటర్ ఎత్తగానే ఆమె తెరల మీద లేచిపడే రంగు గీతల్ని చూసి, "ఎవరన్నా ఉన్నరా?" అని కేకేసేది.

"ఎవ్వల్లేరు బిడ్డా, చాయ్ పెట్టు," అనేవాడు తండ్రి.

మిషన్లకు దుమ్ము పడుతుందని ఎవరినీ చెప్పులతో లోపలికి రానిచ్చేది కాదు షైనీ. ఆమెవీ, తండ్రివీ గడప పక్కనే ఉండేవి.

ఆ రోజు బందు. తెరిచిన దుకాణమల్లా పగలగొడుతున్నారని ఉప్పల్ చౌరస్తా నుంచి కబురొచ్చేసరికి తండ్రీకూతుళ్లు లోపలే ఉన్నారు. గబగబా షటర్ దించేశారు.

"మిషన్లు బందు జెయ్యాల్నా డాడీ?"

"షటర్ దించినంక మిషన్లతోని వాళ్లకేం పని? నడవనీ."

అక్కడే దెబ్బతిన్నాడు. గుంపు గల్లీలోకి వచ్చేవేళకి కరెంటు పోయింది. కరెంటు పోతే యూపీఎస్‌లు నోరు మూసుకుంటాయా? బల్లల కింద అన్నీ ఒక్కసారే కీక్ కీక్‌మని కూత పెట్టాయి. దేవసహాయం పాకుతూ వెళ్లి రెండింటిని ఆపాడో లేదో, బయట అడుగులు ఆగిపోయాయి.

"అరే, లోపల నడుస్తున్నయ్‌రా! బందు మనకేనట, గీనకు కాదట!"

షటర్ మీద రాడ్డు పడింది. దేవసహాయం కూతుర్ని మూలబల్ల కిందికి తోసి, దాని ముందు వేలాడే పరదా లాగాడు. షటర్ పైకి లేచింది.

మొదటి దెబ్బ మూతి మీద. పళ్లు నాలుక మీదికి రాలాయి. రెండో దెబ్బకి భుజం ఎముక పుటుక్కుమంది. మానిటర్లు ఒక్కొక్కటే బాంబుల్లా పేలుతున్నాయి, గాజు ముఖానికి కొడుతోంది. ఎవడో బూటు మడమతో అతని వేళ్లను నేలకేసి నలిపాడు.

"ఇంకెవరున్నర్రా లోపల?"

మూలన పరదా కదిలింది. పిల్ల బయటికొచ్చేస్తోంది. దేవసహాయం నెత్తురు ఉమ్మి, ఉన్న బలమంతా కూడగట్టి అరిచాడు.

"ఎవ్వల్లేరు బిడ్డా!"

"ఎవడ్రా నీకు బిడ్డ!" డొక్కలో తన్నాడు రాడ్డువాడు. పరదా మాత్రం ఆగింది.

గుంపులో ఒకడు ముఖానికి రుమాలు కట్టుకున్నాడు. కళ్లు చూసి దేవసహాయం పోల్చుకున్నాడు. మహిపాల్. మామా, మామా అంటూ వచ్చి షైనీ చేత ఉద్యోగాల దరఖాస్తులు టైపు చేయించుకున్నవాడు. ఇప్పుడు గడప పక్కన చిన్న చెప్పుల జతకేసి చూస్తున్నాడు. తర్వాత పరదాకేసి చూశాడు.



మహిపాల్ ఆ చెప్పుల్ని కాలితో ఈడ్చుకుంటూ పోయి, పరదా కిందికి నెట్టాడు. వెంటనే కర్రెత్తి మూలబల్ల మీది మానిటర్‌ని పగలగొట్టాడు.

"అయిపాయె. ఇంకేమున్నయ్ ఈడ, పాత డబ్బాలు! పోలీసులొస్తున్రు, నడువున్రి!"

అందరూ పోయాక ఆఖరున బయటికి పోతూ, వెనక వచ్చే గుంపుల కంట పడకుండా షటర్ నేలదాకా దించిపోయాడు.

చీకట్లో ఒక్క యూపీఎస్ ఇంకా కూస్తోంది.

"డాడీ," పరదా వెనక షైనీ గొంతు. "ఎవరన్నా ఉన్నరా?"

దవడ కదల్లేదు. మిగిలిన చేతి కణుపులతో దేవసహాయం నేల మీద కొట్టాడు. ఆగి, మళ్లీ కొట్టాడు.

షైనీ పరదా తీసింది. గాజుపెంకుల మీద అడుగు వేయబోయి ఆగి, తడిమి, చెప్పులు వేసుకుని, ఆ చప్పుడు వైపు నడిచింది.