గడప దాకా

ఎల్లారావు రిక్షా వెనక చక్రాల్లోంచి కొంచెం కొంచెంగా గాలి వదులుతున్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నిలిచే రిక్షావాళ్ళలో ఈ పని చేసేది అతనొక్కడే. చక్రం మెత్తబడితే తొక్కేవాడి పిక్కలు పట్టేస్తాయి. కాని గోతిలో పడ్డప్పుడు పైనున్న మనిషికి కుదుపు తెలియదు. అతని బండి ఎక్కేవారు చాలామంది అటువంటివారే. ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పాక, ఊపిరి ఉండగానే ఇల్లు చేరవలసినవారు.

బయట పోయిన మనిషిని గడప లోపలికి తీసుకురాకపోవడం ఆ ప్రాంతపు ఆచారం. వీధిలోనే దింపి, వీధిలోంచే సాగనంపుతారు. శాస్త్రం ఏమన్నదో పండితులకు తెలియాలి. ఎల్లారావుకు తెలిసినది తన తల్లి సంగతి. ఆసుపత్రిలో పోయిన ఆ తల్లి అద్దెయింటి ముందు వానలో ఒక పగలంతా తడిసింది. అప్పట్లో అతడు బందరు కాలువలో సరుకు పడవలను గట్టు మీదనుంచి తాడుతో లాగేవాడు. లారీలు వచ్చి పడవలు మూలపడ్డాక అదే గట్టు మీద రిక్షా తొక్కుతున్నాడు. భుజం మీద తాడు ఒరిసిన నల్లచార ఇంకా మాయలేదు.

కేన్సరు వార్డు వరండాలో డాక్టరు జీవరత్నంగారు గోడకు ఒక పెద్ద పటం తగిలించారు. ఒక్కొక్క దేశానికి రెండేసి గీతలు. జబ్బు వచ్చినవారికి ఎర్రది, పోయినవారికి నల్లది. ఇంగ్లండు గీతలు రెండూ ఏళ్ళ తరబడి జోడెడ్లలా కలిసి నడుస్తున్నాయి. అట్టడుగున మన ఆసుపత్రివి. వాటిలో ఎర్రది ఏటేటా ఎగబాకుతుంటే నల్లది నేలను అంటుకొని పాకుతోంది. పైనుంచి వచ్చిన అధికారి ఒకరు అది చూసి, మనవాళ్ళది గట్టి ప్రాణమని మెచ్చుకొని వెళ్ళారు. ఆ మెప్పు జీవరత్నంగారికి ముల్లులా గుచ్చుకుంది.

"ఎల్లారావ్, నా పేషెంట్లు ఏమవుతున్నారయ్యా?" అని ఆయన ఒకనాడు అడిగారు.

"ఇళ్ళకెళ్తున్నారండి."

"ఆ తరవాత?"

"దింపాక నేను వెనక్కి తిరిగి చూడనండి."

"ఆ దేశాల్లో ఇంట్లో పోయినా రాసుకుంటారు. ఇక్కడ ఇంటికెళ్ళినవాళ్ళంతా నా కాగితాల్లో బతికే ఉన్నారు. ఎవరన్నా పోతే వచ్చి ఒక్కమాట చెప్పరాదూ?"

"చావు కబురు మోసే బండంటే ఇంకెవరెక్కుతారండీ?" అని ఎల్లారావు తప్పించుకున్నాడు.

ఈరోజు అతని బండి ఎక్కినది యనమలకుదురు పేరమ్మ. కృష్ణలో పట్టిన చేపలు తట్టకెత్తుకొని పటమట వీధుల్లో అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ కాల్చడం ఆమెకు పెళ్ళినాటి అలవాటు. ఏటిగాలికి చుట్ట ఆరదు, తట్ట పట్టుకున్న చేతులు దించనక్కరలేదు. ఇప్పుడు అంగిట్లో పుండు తొలిచి, మాట ముక్కులోంచి వస్తోంది. కోడలు గంగారత్నం ఆమెను పట్టుకొని పక్కన కూర్చుంది.

"ఏరా ఎల్లిగా, గాలి లేని బండి తెచ్చావు? నీకెవరూ కూడెట్టట్లేదా?"

"మహారాణివి గదా పిన్నీ, పల్లకీలాగుండాలని."

జీవరత్నంగారు మెట్ల దాకా వచ్చారు. "పేరమ్మగారూ, చుట్ట మానేశారా?"

"నేను మానేసినా అది నన్ను మానలేదండీ," అని ఆమె రొంటిన దోపుకున్న సగం చుట్టను తడిమి చూసుకుంది. గంగారత్నం సిగ్గుపడి తల వంచుకుంది. డాక్టరుగారు మాత్రం నవ్వారు.

బందరు రోడ్డు మీద ఎండ చురుక్కుమంటోంది. పేరమ్మ చేతి కడియంతో రిక్షా కమ్మీని టంగుమని కొడుతోంది. అది త్వరగా పొమ్మనడం.

"ఒరే, ఆ పటంలో ఎర్రగీతలో నేనున్నానంట. నల్లదాంట్లో కూడా ఏయించు."

"అవేం మాటలు పిన్నీ?"

"తట్టలోకెక్కిన చేప దిగాల గదరా. ఒక్కటి తగ్గితే నేనూరుకునేదాన్నా?" కడియంతో కమ్మీ మీద ఇంకొకటి కొట్టి అంది. "నన్ను మాత్రం వీధిలో దించమాక. జన్మంతా వీధిలో తట్ట దించి బతికాను. చాలు."

"ఇంట్లోనే దింపుతాను పిన్నీ."

పటమట దాటి కాలువ గట్టు ఎక్కారు. ఎల్లారావు సీటు మీద కూర్చోకుండా నిలబడి తొక్కాడు. కమ్మీ మీద కడియం మోగుతూనే ఉంది. లాకులు కనిపించే మలుపులో ఒకసారి మెల్లగా మోగింది. ఆ తరువాత మోగలేదు.

"అన్నా..." అంది గంగారత్నం.

ఎల్లారావు వెనక్కి తిరగలేదు. "నిద్రపోయింది చెల్లెమ్మా. తల నీ భుజం మీద ఆనించుకో. ఏడవమాక."

గంగారత్నం పమిట నోట్లో కుక్కుకుంది.

ఇంటి ముందు కులపెద్ద మంగరాజు చెంబుతో నీళ్ళు పట్టుకొని నిలబడి ఉన్నాడు. "ఊపిరుందా?" అని అడిగాడు.

"ఉంది బాబాయ్. తప్పుకోండి, తప్పుకోండి. నేనెత్తుతా."

పడవలు లాగిన ఆ భుజానికి పేరమ్మ బరువు కాలేదు. గడప దాటించి చాప మీద పడుకోబెట్టాడు. గంగారత్నం ఆమె నోట్లో నీళ్ళు పోసింది. నీళ్ళు చెంపల మీదుగా జారిపోయాయి. అప్పుడు గంగారత్నం గొంతెత్తి ఏడ్చింది. మంగరాజు చెంబు కింద పెట్టి, "అదృష్టవంతురాలు, ఇల్లు చేరింది," అన్నాడు. ధర్మదేవత ఆ అబద్ధాన్ని ఎవరి పాపంలో కలిపిందో మనం చెప్పలేము.

పొద్దు వాలేవేళకు ఎల్లారావు ఆసుపత్రికి తిరిగి వచ్చాడు. తనంతట తాను ఆ వరండా మెట్లు ఎక్కడం అదే మొదలు.

"పేరమ్మ పోయిందండి."

జీవరత్నంగారు కళ్ళజోడు తీశారు. "ఇంట్లోనా, దారిలోనా?"

"ఇంట్లోనండి. గడప దాటాకే."

ఆయన అతని ముఖంలోకి కాసేపు చూశారు. పటం దగ్గరకు వెళ్ళి నల్లగీత చివర ఆవగింజంత చుక్క పెట్టారు. గీత లేచిందో లేదో ఎల్లారావుకు తెలియలేదు.

బయటికి వచ్చి చక్రాలకు గాలి కొట్టుకున్నాడు. గుడ్డ తడిపి సీటు తుడవబోయాడు. పరుపుకీ కమ్మీకీ నడుమ పేరమ్మ సగం చుట్ట ఇరుక్కొని ఉంది. పంటిగాట్లు దాని కాలిన కొస మీదే ఉన్నాయి.