ఊపిరి మందు

ల్యాబుకు వెళ్లిన రోజున జనని వీధి గుమ్మంలోంచి ఇంట్లోకి రాకూడదు. పక్క సందులోంచి పెరట్లోకి వచ్చి, కొళాయి కింద తలారా స్నానం చేసి, దండెం మీది వేరే చీర కట్టుకున్నాకే వంటింటి గడప దాటాలి. అత్తగారు కన్యకాపరమేశ్వరి పెట్టిన చట్టం అది. ఒర్లియంపేటలో తరాలుగా కిరాణా కొట్టు నడుపుతున్న శాకాహారపు ఇంటికి కోడలు మేక ఊపిరితిత్తులు కడిగి వస్తుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం! ఆ కోడలే స్నానం కాగానే తడి జుట్టుతో అందరికీ వేడివేడిగా వడ్డించాలి. అందుకే ల్యాబులో ఎంత పని ఉన్నా మధ్యాహ్నానికి ఇంటికి పరుగెత్తుకొస్తుంది.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల ఊపిరితిత్తుల్లో ఉండాల్సిన సన్నటి జిడ్డు పొర ఒకటి సరిగ్గా ఉండదు. అది లేకపోతే ఊపిరి వదిలినప్పుడల్లా లోపలి గాలి తిత్తులు తడి గుడ్డల్లా అతుక్కుపోతాయి. ఆ జిడ్డును మేక ఊపిరితిత్తుల్లోంచి తీసి మందుగా చేసి, సన్నటి గొట్టంతో బిడ్డ ఊపిరిగొట్టంలోకి పోస్తారు. పోస్తే చాలదు, అది పారాలి. కదపకుండా ఉంచితే చిక్కబడుతుంది, తోస్తే పలచబడుతుంది. మరీ చిక్కగా ఉంటే దారిలోనే ఆగిపోతుంది. సరిగ్గా ఉంటే తనంతట తానే మూలమూలకూ పాకి, ఎంత నొక్కితే అంత గట్టిగా నిలబడి, ఏ తిత్తినీ మూసుకుపోనివ్వదు. ఎంత వెచ్చదనంలో అది ఎలా పారుతుందో కొలవడమే జనని ఉద్యోగం. "జిగురు కొలిచేదానికి ఇంత చదువు కావాల్నా?" అని ఆమె భర్త గిరిధర్ పెళ్లిళ్లలో నలుగురినీ నవ్విస్తాడు. నలిగేది తనే అయినా ఇల్లంతా హాయిగా ఊపిరి పీల్చుకోవాలి గనుక జనని కూడా నవ్వుతుంది. ఆ తర్వాత పెళ్లివారి విస్తళ్లు తీయడానికి సాయం వెళ్తుంది.

ఈ పనిలోకి ఆమె ఊరికే రాలేదు. ఆరేళ్ల కిందట ఆమెకు నెలలు నిండకుండా కూతురు పుట్టింది. కుట్ల నొప్పితో చక్రాల కుర్చీలో వెళ్లి, అద్దం అవతల నుంచి ఒక్కసారి చూసింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ పసిది సన్నగా మూలిగేది. సాయంత్రానికి ఆ మూలుగు ఆగిపోయింది. "ఊరంతా తిరిగినా ఆ మందు దొరకలా," అన్నాడు గిరిధర్. "నీ కడుపు మోసేది అంతే," అన్నారు అత్తగారు. ఏడ్చి ఏడ్చి కన్నీళ్లు ఇంకిపోయాక, దొరకని ఆ మందు ఏమిటో తెలుసుకోవాలనిపించింది జననికి.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ మూలుగు ఈ ఇంట్లోనే ఉంది. పూజగదిలోంచి వస్తుంది. అక్కడ మంత్రాల పెట్టె రాత్రీ పగలూ మోగుతుంది గనుక మామూలుగా వినబడదు. కరెంటు పోయి పెట్టె ఆగితే వినబడుతుంది. పెట్టె ఆగిన మరుక్షణం అత్తగారు చేతిలో ఏ పనున్నా వదిలేసి, తానే గట్టిగా మంత్రం అందుకుంటారు. అది భక్తి అనుకునేది జనని.

ఆ గురువారం ఆమె పెరట్లో చెంబు అందుకుంటుండగా వీధిలో గిరిధర్ స్కూటర్ ఆగింది. అతని చెల్లెలు వాసవి పొద్దున్నే నెలలు నిండకుండా మగబిడ్డను కన్నది. ఇందిరా నగర్ దగ్గరి ఆసుపత్రిలో ఆ బిడ్డ మిషను మీద ఉన్నాడు. డాక్టరు రాసిచ్చిన మందు బయట కొని, ఐసు డబ్బాలో పెట్టుకుని నేరుగా ఇంటికి వచ్చాడు గిరిధర్.

"ఆస్పత్రికి పోకుండా ఈడికెందుకు తెచ్చినారు?" పెరట్లోంచే అడిగింది జనని.

"అమ్మవారి ముందర పెట్టి తీసుకపొమ్మనింది అమ్మ. ఇప్పుడు రాహుకాలం. అయిపోతానే పోతా."

"అందాకా ఆ బిడ్డ ఊపిరి బిగబట్టుకోని ఉంటాడా?"

"నీకేంది మధ్యలో? స్నానం గూడా కాలా నీకు."

అప్పుడే కరెంటు పోయింది. మంత్రాల పెట్టె ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలోంచి మూలుగు మొదలైంది. ఈసారి గోడ అవతల కాదు, సరిగ్గా చెవి పక్కన. అత్తగారు మంత్రం అందుకోలేదు. వంటింటి గడపలో నిలబడి కోడలి ముఖమే చూస్తున్నారు.

"నీకూ వినపడతా ఉందా?" అన్నారు.

ఆ గొంతులో భయం జనని ఎన్నడూ వినలేదు. నీచు వాసన వేసే చేతులతోనే గడప దాటి, వంటిల్లు దాటి, పూజగదిలోకి నడిచింది. "మైలే! మైల!" అంటూ వెనకే వచ్చిన అత్తగారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

కొత్త సీసా అమ్మవారి పాదాల దగ్గర చెమర్చి ఉంది, మూత మీద కుంకుమ. మూలుగు మాత్రం పటం వెనక నుంచి వస్తోంది. జనని పటం పక్కకు జరిపింది. అక్కడ ఇంకో సీసా ఉంది. అదే మూత, సీలు తీయనేలేదు. దాని మీది కుంకుమ ఎండి నల్లబడింది. తెల్లగా ఉండాల్సిన మందు అడుగున పచ్చగా పేరుకుపోయింది. ఆమె వేళ్లు తగలగానే మూలుగు ఆగింది.

"అమ్మవారికి పెట్టింది పారెయ్యగూడదే," గుమ్మం అవతలి నుంచే అన్నారు అత్తగారు. "ఆ దినమూ రాహుకాలమే. పోయేలోపల బిడ్డ లేదని ఫోను వచ్చేసె. నేనేం జేసేది?"

"ఈ పొద్దు మీ కూతురి బిడ్డ గదత్తా!"

"నా కూతురి బిడ్డ గాబట్టే గదా, మంచి గడియలో పోవాల!"

కోడలి బిడ్డ గనుక చిన్నచూపు చూశారని ఇన్నేళ్లూ జనని అనుకుంటూ వచ్చింది. కాదు. ఆవిడ ప్రేమించినా ఇంతే. అది ద్వేషం కన్నా ఎక్కువగా భయపెట్టింది ఆమెను. కొత్త సీసాను ఐసు డబ్బాలో, పాతదాన్ని తన సంచిలో పెట్టుకుంది. గిరిధర్ ఆ పాత సీసా చూసి కళ్లు దించుకున్నాడు. అతని చేతిలోంచి తాళం తీసుకుని, జనని వీధి గుమ్మంలోంచే బయటికి నడిచి స్కూటర్ ఎక్కింది.

ఆసుపత్రిలో నర్సు సీసాను అరచేతుల మధ్య వెచ్చబరిచి, కుదపకుండా మెల్లగా వంచి తిప్పింది. డాక్టరు గొట్టంలో పోశారు. మందు ఒక క్షణం మొరాయించి, తర్వాత పారింది. లోపలికి పీక్కుపోతున్న ఆ చిన్ని రొమ్ము కాసేపటికి నిండుగా లేచింది. జనని గోడకు ఆనుకుని, ఎవరేమనుకుంటారోనని చూడకుండా ఏడ్చింది.

గిరిధర్, అత్తగారు వచ్చేసరికి ఆమె వాసవి మంచం పక్కన కూర్చుని ఉంది. వాసవి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఆ దినం నీ బిడ్డకు గూడా ఈ మందు దొరికుంటే..."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" తలుపు దగ్గరి నుంచి గిరిధర్ గబగబా అన్నాడు.

జనని సంచిలోంచి పాత సీసా తీసి వాసవి అరచేతిలో పెట్టింది.

"దొరికింది, వాసవీ," అంది.