ఉయ్యాల సీను

మీనా టిఫిన్ డబ్బా మూత తీస్తే పొద్దున పెట్టిన చిత్రాన్నం పెట్టినట్టే ఉంది. ఈ వారమంతా ఇదే తంతు. సింకు ముందు నిలబడి దాన్ని చెత్తబుట్టలో వేస్తుంటే కడుపు మండింది. పన్నెండేళ్ళ పిల్ల. "ఏమే, ఎందుకు తినలే?" అంటే ఆకలి కాలేదంటుంది. గట్టిగా అడిగేసరికి గోడవైపు తిరిగి, "నీ మాదిరి అయితే అందరూ నవ్వుతారమ్మా," అంది.

నా మాదిరి! మత్తిగిరిలో మా ఇంట్లో సాయంత్రమైతే టీవీలో ప్రేమ కామెడీ సినిమా ఉండాల్సిందే. అందులో హీరోయిన్ పక్కన ఒక లావుపాటి స్నేహితురాలు ఉంటుంది. ఆమె కూర్చుంటే బెంచీ విరుగుతుంది, ఆమె ప్రేమిస్తే మగవాడు పారిపోతాడు. హీరోయిన్ మాత్రం మనసు విరిగినప్పుడల్లా డబ్బాలకొద్దీ ఐస్‌క్రీమ్ తింటుంది, నడుము అరంగుళం పెరగదు. ఒకవేళ లావుగా ఉన్నదే హీరోయిన్ అయితే, ఒక పాటలో చిక్కి సగమయ్యేదాకా హీరో కన్నెత్తి చూడడు. మా ఆయన లోకనాథ్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "నళినీ, మీ చెల్లెలు వచ్చిండాది, వచ్చి చూడు," అంటాడు. "మా ఇంటి తిండి కోడలికొక్కదానికే పట్టింది," అంటుంది మా అత్త తిమ్మక్క. ఆ తిండి వండేది నేనే. అందరికీ వేడివేడి దోసెలు పోసి, ఆఖరున మాడినదీ చల్లారినదీ నిలబడి తినేదీ నేనే. అయినా నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే "ఊరికే అంటే దీనికంతా కోపమా?" అంటారు. అనేది నన్నే కదా, పోనీలే అనుకున్నాను. పక్కనే కూర్చుని పిల్ల వింటోందని నాకూ తోచలేదు.

ఆ ఆదివారం మా మరిది కార్తిక్ పెళ్ళి వీడియో. పెళ్ళికి ముందే తీస్తారు కదా, అది. కావేరిపట్టణం దగ్గర పెళ్ళికూతురు చిత్ర వాళ్ళ మామిడితోటలో పెట్టుకున్నారు. వీడియో తీసే ధనుష్ దాన్ని ప్రేమ కామెడీలాగా రాసుకొచ్చాడు. జంట ఉయ్యాల ఊగి దిగగానే, వదిన పరుగెత్తి వచ్చి కూర్చుంటుంది, తాడు తెగుతుంది. ఆ వదినను నేను. "మీరు కూకుంటే చాలక్కా, యాక్టింగే అక్కర్లే," అన్నాడు ఫోనులో. అలవాటు కొద్దీ సరేనన్నాను. తెల్లారకముందే లేచి అందరికీ వడలు కూడా చేసుకొచ్చాను.

తాడుకు బంతిపూలు చుట్టే పని మీనాకు అప్పజెప్పారు. కాసేపటికి అది పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

"ఈడ చూడమ్మా."

పూల కింద తాడును బ్లేడుతో కోసి పెట్టారు. ఒక్క పురి మిగిలింది.

"ముందే కోసి పెట్టినారే. అట్లయితే నాయన కూకున్నా తెగుతుందా?"

ఇన్నేళ్ళూ ఆ బెంచీలు ఆ ఆడవాళ్ళ బరువుకే విరిగాయని చూస్తూ వచ్చాను. ఎవడో ముందే రంపం పెట్టి ఉంటాడని ఒక్కసారైనా అనుకోలేదు. మొదట సిగ్గేసింది. తరవాత వచ్చిన కోపానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఏమప్పా ధనుష్, ఈ సీనులో మా ఆయనను కూకోబెట్టు."

లోకనాథ్ నవ్వాడు. "నేనా? నా నడుము విరిగిపోతుంది."

"నాది విరగదా?"

"కింద పరుపు వేసిండారు కదే."

"మీకూ అదే పరుపు. పోయి కూకోండి."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పెండ్లి పనుల్లో ఏమమ్మా ఈ రచ్చ? నవ్వేదానికే కదా," అంది మా అత్త.

"మీ కొడుకు పడితే నవ్వండత్తా. మీ నవ్వులు విని నా బిడ్డ అన్నం మానేసింది. నన్ను చూసి నవ్వింది చాలు. ఇంక ఒప్పుకోను."

చిత్ర మెల్లగా నా పక్కకు వచ్చి నిలబడి, "ఈ వీడియో కోసరం నన్ను కూడా రాత్రిపూట తినొద్దన్నారక్కా," అంది. కార్తిక్ తల దించుకున్నాడు.

మేం వచ్చిన టెంపోలో సామాన్లు కట్టిన కొత్త తాడు ఉంది. తెచ్చి లోకనాథ్ చేతిలో పెట్టి, చెట్టెక్కి కోసిన తాడు విప్పి ఇది కట్టమన్నాను. నా మొహం చూసి, చెప్పులు విడిచి ఎక్కాడు. మా పుట్టినూరు ఉద్దనపల్లిలో ఆవులను కట్టి పెరిగినదాన్ని, కింది నుంచి తాడును లాగి లాగి చూశాను. వడల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగపట్టకుండా, పొట్ట లోపలికి లాక్కోకుండా ఉయ్యాలలో కూర్చున్నాను. కొమ్మ కిర్రుమంది. తాడు బిగుసుకుంది. అంతే.

మీనా తాడు వైపు చూసింది, నా వైపు చూసింది. వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. నేలను కాలితో తన్నాను. రెండు ఊపులు ఊగాక డబ్బాలో చెయ్యి పెట్టి వడ తీసుకుని కొరికింది. నోటినిండా వడతోనే "ఇంకా గట్టిగా ఊపమ్మా" అంది. మళ్ళీ నేలను తన్నాను.

ధనుష్ కెమెరా పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఇందులో కామెడీ యాడుందక్కా?"

"లేదప్పా," అన్నాను. "ప్రేమ సీను ఇదే. తియ్యి."